పోలీసు పేరిట వచ్చిన టాంకులు

సెప్టెంబరు 13వ తేది సమీపించినప్పుడెల్ల నాకు మియాపూరు మీదుగా పోవు బొంబాయి రహదారి జ్ఞప్తికి వచ్చును. మాదాపూరు, గచ్చిబౌలి కార్యాలయములకు పోవు ఉద్యోగుల క్యాబులు ప్రొద్దున్నే బారులు తీరు ఆ రహదారి దెసనుండియే 1948లో టాంకులతో గూడిన భారతసైన్యము హైదరాబాదు నగరమునకు వచ్చినది. ఆ దండయాత్రను మన పెద్దలు నేటికిని ‘పోలీసు యాక్షన్’ అనియే చెప్పుకొందురు.

అంతకు పూర్వము తరతరములుగా ఈ నగరపు శాంతిభద్రతలు నగర పోలీసు పెద్దయగు కొత్వాలు చేతిలోనివి. ఆ పరంపరలో 1920 మొదలు 1934 వరకు కొత్వాలుగా నుండిన రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పేరు జనుల నోట నిలిచినది. హిమాయత్‌సాగరు చెంతనున్న పోలీసు అకాడమీ ఆయన పేరనే వెలయుచున్నది.

ఆ పోలీసు పేరు సైన్యమునకు అంటుకొన్న దిట్లు: భారతదేశమున చేరనొల్లని నిజాము ప్రభుత్వము తన మొరను ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి విన్నవించుకొనగా, ఇది మా ఇంటిలోని శాంతిభద్రతల విషయమని లోకమునకు చాటదలచిన ఢిల్లీ ప్రభువులు ‘ఆపరేషన్ పోలో’ అను సైనికవ్యూహమును పోలీసు చర్య యనిరి. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వమున ప్రధానదళము షోలాపూరు నుండి కదలి, తొలినాడైన సెప్టెంబరు 13ననే బోరీనది వంతెనను చెక్కుచెదరకుండ స్వాధీనపరచుకొని, నల్దుర్గము దాటి, జహీరాబాదు మీదుగా రాజధాని దెసకు సాగెను. 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూసు నగరము వెలుపల చౌధురికి లొంగిపోయెను. నిజాము పక్షపు సాయుధులైన రజాకార్ల దౌర్జన్యములతో తల్లడిల్లిన పల్లెలకు ప్రాణము లేచివచ్చిన మాట సత్యము. ఆ వెంటనే మరాఠ్వాడాలో, బీదరు ప్రాంతమున నిరపరాధులైన ముస్లిములు వేలసంఖ్యలో హతులైరనుటయు సత్యము. దానిని విచారించిన పండిత సుందర్‌లాల్ సంఘపు నివేదిక దశాబ్దములపాటు బీరువాలో మ్రగ్గినది. సైన్యమునకు పోలీసు పేరు పెట్టుటలో నాకు కనబడు కీడు ఇదియే: యుద్ధమునకు యుద్ధపు లెక్క, పోలీసు పనికి పోలీసు లెక్క చెప్పవలసియుండగా, రెండు లెక్కలును ఎగిరిపోయినవి.

పిదప కాలము తిరుగబడినది. పేరు పోలీసుదే, పనిముట్లు సైన్యమువి. అడవిలో నక్సలైట్లతో పోరుటకై 1989లో గ్రేహౌండ్స్, గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు జరిగిన 2007లో ఉగ్రవాదుల నెదుర్కొనుటకై ఆక్టోపస్ అను ప్రత్యేక పోలీసు దళములు ఏర్పడినవి; ప్రాణములొడ్డు వారికి కవచము వలదని నేననను. అయితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగులో, కరెంటు చార్జీలు తగ్గింపుడని వచ్చినవారిపై తుపాకులు పేలి ముగ్గురు మరణించిరి. 2018లో కానిస్టేబులు చేతి ఫోనులోనికే ముఖములను గుర్తించు సాధనము వచ్చినది.

మొన్న ఒకనాటి సాయంకాలము సైబర్ టవర్స్ కూడలి దాపున, ఇనుపజాలీ కిటికీల వ్యాను మెట్టుమీద ఒక కుర్ర కానిస్టేబులు మోకాలి కవచములతో, హెల్మెట్టు ఒడిలో బెట్టుకొని చాయ్ త్రాగుచుండగా జూచితిని. ముసలమ్మ యొకతె ఆయన చెంతకు రెండడుగులు వేసి, ఆ వేషము జూచి జంకి, వెనుకకు మళ్లి, “బిడ్డా, కొండాపూర్ బస్సు యాడ ఆగుతది?” అని చాయ్ బండివాని నడిగెను. ఆ కుర్రవాని ముఖము చిన్నబోయినది.

పోలీసుకు సైన్యపు వేషము తగునా యను ప్రశ్న ఇతరచోట్లను లేచినది. అమెరికాలో 2014లో ఫెర్గుసన్ వీధులలో పోలీసుల కవచవాహనములు తిరిగిన పిమ్మట, సైన్యపు మిగులు సామగ్రి పోలీసులకు చేరుటపై ఒబామా 2015లో కట్టుబాట్లు పెట్టెను. 2017లో ట్రంపు వానిని తొలగించెను. ఏది యెట్లున్నను, అచట వాదము బహిరంగముగ జరిగినది. ఇచట లాక్‌డౌను నాడు తనను మాస్కు తీయుమని యడిగి, నిరాకరించినను ఫోటో తీసిరని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ముఖగుర్తింపు విధానమునే ప్రశ్నించి హైకోర్టు గడప త్రొక్కవలసివచ్చెను. 2022లో న్యాయస్థానము ప్రభుత్వమునకు నోటీసులిచ్చెను.

కావున ఠాణాకు చేరిన సాధనములేవియో, ఎవరి యుత్తరువుపై, ఎవరిమీద వాడుదురో, ప్రతి ఠాణా గోడపై తెలుగున, ఉర్దూలో వ్రాసి తగిలింపుడని పోలీసు పెద్దలను కోరుచున్నాను. చదువరులారా, మీ ఠాణాకు పోయి మీరును అడుగుడు.