పగడపు దిబ్బల్లో మారువేషపు చేపలను పోల్చుకోవడం

పగడపు దిబ్బల్లోనూ, సముద్రం అడుగున ఉండే రాతిగుట్టల్లోనూ పరిసరాల రంగులో కలిసిపోయి బతికే చిన్న చేపలను నీట మునిగి గుర్తించే పని ఇది. ఆంధ్ర తీరంలో నిజమైన పగడపు దిబ్బలు పెరగలేదు. అందుకు గోదావరి, కృష్ణల ఒండ్రును కారణంగా చెబుతారు. విశాఖ రుషికొండ ప్రాంతంలో స్కూబా డైవర్లు చూసేవి ప్రధానంగా రాతిగుట్టలే.

ఈ చేపలు అరుదుగా కంటబడతాయి గనుక అవి అరుదైనవే అనుకోవడం పొరపాటు. పాత గ్రంథాల్లో లేవు గనుక ఇక్కడ లేవనుకోవడమూ అంతే. విశాఖ చేపల తొలి సచిత్ర గ్రంథం ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ (1727–1805) 1803లో లండన్‌లో వెలువరించిన రెండు సంపుటాలు. స్థానిక పేర్లను ఆయన వీలైనంతవరకు నమోదు చేశాడు. టెరోయిస్ రస్సెలీ అనే ముళ్ల చేపకు తర్వాత ఆయన పేరే పెట్టారు. అయితే ఆయనకు అందిన చేపలు చాలావరకు జాలర్ల వలల్లో పడ్డవే అయి ఉండాలి. రాతి నెర్రెల్లో దాగే గోబీలు, బ్లెన్నీలు అనే బుల్లి చేపలు వలకన్నులోంచి సులువుగా జారిపోతాయి. కాబట్టి ఆ గ్రంథంలో లేనంత మాత్రాన ఫలానా చేప ఇక్కడ లేదనలేం.

విశాఖ నీళ్లే మసకగా ఉంటాయి కదా, చేప కనబడకపోతే అందులో దాని వేషం గొప్పేముంది అని ఎవరైనా అడగవచ్చు. ఆ మసక ఒక కారణమే కానీ అసలు కారణం కాదు. విశాఖకన్నా తేటనీళ్లుండే ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌పై కూడా, 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ రకం చేపల్లో డైవర్ల కంటికి చిక్కినవి సగం కూడా లేవు. దిబ్బ మీద ఆహారమైపోయే చేపమాంసంలో సుమారు 60 శాతం ఈ బుల్లి చేపలదేనని 2019 నాటి మరో పరిశోధన అంచనా వేసింది. ఆ అంకె మీద వాదన ఉండవచ్చు గానీ, డైవర్ల లెక్కలో వీటికి తగిన చోటు దక్కలేదన్నది మాత్రం ఖాయం.

చేప ఇలా కంటిని మోసగించడానికి మన సముద్రాల్లో మంచి ఉదాహరణ 2020లో దొరికింది. తమిళనాడు సేతుకరై దగ్గర సముద్రపు గడ్డిలో స్కార్పీనాప్సిస్ నెగ్లెక్టా అనే తేలుచేప కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తల కంటబడింది. మొదట అది పగడపు అస్థిపంజరపు ముక్కలాగే ఉంది. కదిలించగానే క్షణాల్లో రంగు మార్చింది.

వెతికేటప్పుడు రంగును నమ్మకూడదు. పదిమీటర్ల లోతుకే ఎరుపు దాదాపు మాయమవుతుంది, ఎర్రచేప బూడిదరంగు రాయిలా ఉంటుంది. టార్చి వేస్తే అసలు రంగు బయటపడుతుంది. వెలుగు చేపను బెదరగొడుతుందన్న అభ్యంతరం సబబైనదే, అందుకే క్షణకాలం, పక్కవాటుగా వేయాలి. అంతకన్నా నమ్మదగిన ఆనవాళ్లు మూడు: గుండ్రటి కన్ను, వంపు తిరిగిన నోటి గీత, ఊపిరికి కదిలే మొప్ప. ఒకేచోట నిలకడగా తేలుతూ అరచేయంత మేర చూపు నిలిపితే ఇవి దొరుకుతాయి. తేలుచేపల వీపు ముళ్లలో విషం ఉంటుంది, రాయి అనిపించినదాని మీదా చెయ్యి వేయకండి.