క్యాన్సర్ మందులో లోహం ఏం చేస్తుంది? ఉస్మానియా ప్రొఫెసర్ సత్యనారాయణ పరిశోధన కథ

ఆదిలాబాద్: నోటి క్యాన్సర్‌కో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కో చికిత్స తీసుకునే వాళ్ల చీటీలో ‘సిస్‌ప్లాటిన్’ అనే పేరు తరచుగా కనిపిస్తుంది. ఇక్కడి నుంచి దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ (ఎంఎన్‌జే) దవాఖానకు వెళ్లే కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. అయితే ఆ సీసాలో ఉన్నది ప్లాటినం అనే లోహంతో చేసిన మందు అని చాలామందికి తెలియదు. తెలిసిన వాళ్లకు ఇంకో భయం: లోహాన్ని నరంలోకి ఎక్కిస్తే ఏమైపోతామో అని.

లోహం మన కణంలోకి పోయి అసలు ఏం చేస్తుంది? ఉస్మానియా యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ సిరసాని సత్యనారాయణ ఏళ్ల తరబడి పని చేసింది ఈ ప్రశ్న మీదనే. ఆయన మార్కెట్‌లోకి మందు తేలేదు. ఒక లోహ పదార్థం డీఎన్ఏను ఎలా పట్టుకుంటుంది, ఎలా పట్టుకోదు అని తేల్చే పని చేశారు. ఆయన పేరున్న పరిశోధనా పత్రాల్లో ప్రపంచమంతా చెప్పుకునేది కూడా ‘మీరు అనుకున్నట్టు జరగడం లేదు’ అని తేల్చినదే.

ప్లాటినం మందు ఎలా అయ్యింది?

సిస్‌ప్లాటిన్‌ను ఇటలీ కెమిస్ట్ మికేలే పెయ్‌రోనే 1840లలోనే తయారు చేశాడు. అది క్యాన్సర్‌కు పనికొస్తుందని మాత్రం వందేళ్లు దాటినా ఎవరికీ తెలియలేదు.

1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూస్తున్నాడు. బ్యాక్టీరియా రెండుగా చీలడం మానేసి దారాల్లా పొడుగ్గా సాగిపోయింది. కారణం కరెంటు కాదు, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి నీళ్లలోకి కరిగిన ప్లాటినం సమ్మేళనాలు. కణం చీలకుండా ఆపితే క్యాన్సర్ గడ్డను కూడా ఆపవచ్చు కదా అని ఎలుకల మీద చూశారు. 1969లో ఆ ఫలితాలు వచ్చాయి. 1978లో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు అనుమతి ఇచ్చింది. ఇప్పుడు సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి.

పని చేసే తీరు ఇలా ఉంటుంది. సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం అణువుకు రెండు క్లోరిన్లు ఉంటాయి. కణం లోపలికి పోయాక అవి ఊడిపోతాయి. ఖాళీ అయిన రెండు చేతులతో ప్లాటినం డీఎన్ఏను గట్టిగా పట్టుకుని వంచేస్తుంది. వంగిన డీఎన్ఏను కణం కాపీ చేసుకోలేదు, చివరికి చచ్చిపోతుంది.

చిక్కేమిటంటే, ఈ మందు దెబ్బ క్యాన్సర్ కణాలతో ఆగదు. వాంతులు, కిడ్నీల మీద భారం, చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం లాంటివి రావచ్చు. కొందరిలో కొన్నాళ్లకు క్యాన్సర్ ఈ మందుకు లొంగకుండా పోతుంది. అందుకే శాస్త్రవేత్తలు వేరే లోహాల వైపు చూడడం మొదలుపెట్టారు. వాటిలో ముఖ్యమైనది రుథేనియం. ఆవర్తన పట్టికలో ఇనుము కింద ఉండే లోహం ఇది. సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం చుట్టూ నాలుగు బంధాలుంటే, రుథేనియం సమ్మేళనాల్లో సాధారణంగా ఆరు ఉంటాయి. అంటే చుట్టూ రకరకాల అణువులను తగిలించి, డీఎన్ఏకు సరిపోయే ఆకారం తయారు చేసుకునే వీలు ఎక్కువ.

1992లో తేలిన మాట

రుథేనియం చుట్టూ మూడు ఫినాంత్రోలిన్ అణువులున్న ఒక సమ్మేళనం మీద 1980లలో పెద్ద చర్చ నడిచింది. మన కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాగా దీనికి రెండు రూపాలు ఉంటాయి. ఒకటి డెల్టా, ఇంకొకటి లాంబ్డా. డీఎన్ఏ మెలిక కుడివైపు తిరిగి ఉంటుంది కాబట్టి, డెల్టా రూపం మెట్ల మధ్యలోకి చక్కగా దూరుతుందని అమెరికా శాస్త్రవేత్త జాక్వెలిన్ బార్టన్ బృందం చెప్పింది. ఆ మాట నిలబడితే డీఎన్ఏను గుర్తుపట్టే మందులు చేయడానికి ఒక దారి దొరికినట్టే.

దీన్ని సత్యనారాయణ, జేమ్స్ డాబ్రోవియాక్, జొనాథన్ చేర్స్ కలిసి పరీక్షించారు. వాళ్లు ఎంచుకున్న ఆధారాల్లో ముఖ్యమైనది చాలా సాదా పరీక్ష: ద్రావణం చిక్కదనం కొలవడం.

జొన్న రొట్టెల దొంతర మధ్యలో అట్టముక్కలు పెట్టుకుంటూ పోతే దొంతర ఎత్తు పెరుగుతుంది. డీఎన్ఏ మెట్ల మధ్యలోకి ఏదైనా దూరితే అదే జరుగుతుంది, డీఎన్ఏ పొడుగు సాగుతుంది. పొడుగైన డీఎన్ఏ ఉన్న ద్రావణం చిక్కబడి, సన్నటి గాజు గొట్టంలో నుంచి నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఎంతసేపట్లో దిగిందో చూస్తే, లోపలికి దూరిందా లేదా తెలిసిపోతుంది.

లాంబ్డా రూపం కలిపినప్పుడు చిక్కదనం మారలేదు. డెల్టా కలిపితే పెరగాల్సింది పోయి తగ్గింది. రెండు రూపాలూ డీఎన్ఏకు అంటుకుంటున్నాయి కానీ, పూర్తిగా మెట్ల మధ్యలోకి దూరడం లేదని ముగ్గురూ 1992లో ‘బయోకెమిస్ట్రీ’ పత్రికలో రాశారు. 1993లో అదే పత్రికలో ఇంకో పత్రం వచ్చింది. లోహ సమ్మేళనం డీఎన్ఏలోకి దూరిందని చెప్పాలంటే రంగు మార్పు, వెలుగు మార్పు చూపిస్తే చాలదు, చిక్కదనం కూడా కొలిచి చూపాలి అనే పట్టింపు ఈ రంగంలో బలపడడానికి ఈ పని ఒక కారణం.

ఉస్మానియా ల్యాబ్‌లో

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది. ‘దారుల్ తర్జుమా’ అనువదించిన పుస్తకాలతో పిల్లలు ఇక్కడ కీమియాను ఉర్దూలో చదివారు. అదే యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో సత్యనారాయణ తన విద్యార్థులతో రెండు దారుల్లో పని చేశారు.

ఒకటి కోబాల్ట్. విటమిన్ బి12 మధ్యలో ఉండేది కోబాల్ట్ లోహమే. దాన్ని పోలిన ‘కోబలాక్సిమ్’ అనే సమ్మేళనాలు ఎలా ప్రవర్తిస్తాయో ఆయన బృందం చదివింది. లోహం అంటేనే విషం అనుకునే వాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రక్తంలో ఇనుము ఉంది, బి12 సూదిమందులో కోబాల్ట్ ఉంది. ఏ లోహం, ఏ రూపంలో, ఎంత మోతాదులో అన్నదే అసలు లెక్క.

రెండోది రుథేనియం. చుట్టూ ఉండే అణువులను మారుస్తూ కొత్త సమ్మేళనాలు చేయడం, అవి డీఎన్ఏకు ఎంత గట్టిగా అంటుకుంటున్నాయో కొలవడం, వెలుతురు పడితే డీఎన్ఏను తెంచగలవా చూడడం, ఆ తర్వాత ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాల మీద పరీక్షించడం. ఒక్కో సమ్మేళనానికి ఈ వరుస మొత్తం నడవాలి.

ల్యాబ్ నుంచి దవాఖాన దాకా

‘క్యాన్సర్‌కు మందు కనిపెట్టారు’ అనే వార్తలు వాట్సాప్‌లో తరచుగా తిరుగుతుంటాయి. చదివే వాళ్లు ఒకటి తెలుసుకోవాలి. గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాలను బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది, అంతమాత్రాన అది మందు కాదు. మంచి కణాలను వదిలేయాలి, రక్తంలో చెడిపోకుండా గడ్డ దాకా చేరాలి, ఒంట్లో నుంచి బయటికి పోవాలి. ఆ తర్వాత జంతువుల మీద, మనుషుల మీద దశలవారీగా పరీక్షలు.

ఇటలీలో పుట్టిన నామి-ఏ, వియన్నాలో పుట్టిన కేపీ1019 అనే రుథేనియం పదార్థాలు మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లాయి కానీ మందులుగా నిలబడలేదు. మూత్రాశయ క్యాన్సర్‌కు వెలుతురుతో పని చేసే టీఎల్‌డీ1433 అనే మరో రుథేనియం పదార్థాన్ని కెనడా కంపెనీ పరీక్షిస్తూ వచ్చింది. మామూలు చికిత్సలో వాడేందుకు అనుమతి దొరికిన రుథేనియం క్యాన్సర్ మందు మాత్రం ఇంకా రాలేదు.

అలాగని ఈ పని వృథా కాదు. ఏది దూరడం లేదో తెలిస్తే దూరేలా దేన్ని మార్చాలో తెలుస్తుంది. తప్పుడు ఆశ మీద ఏళ్లు, డబ్బులు పోకుండా ఉంటాయి.

పేషెంట్లకు పనికొచ్చే మాట

సిస్‌ప్లాటిన్‌కూ, యునానీ కుష్తాకూ, ఆయుర్వేద భస్మానికీ పోలిక లేదు. ఈ మందును మనిషి ఎత్తు, బరువు లెక్కగట్టి, కిడ్నీ పరీక్ష చూసి, ముందూ వెనకా సెలైన్ ఇచ్చి డాక్టర్ల సమక్షంలో ఎక్కిస్తారు. వాంతులు ఆపడానికి ఇప్పుడు మంచి మందులున్నాయి. చెవిలో హోరు, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. మధ్యలో భయపడి ఇంటికి వచ్చేసి, ఎవరో ఇచ్చిన పొడి మింగితే చికిత్స గాడి తప్పుతుంది, కిడ్నీలకూ ముప్పు. చికిత్స నడుస్తుండగా వేరే ఏది వాడాలన్నా ముందు క్యాన్సర్ డాక్టర్‌ను అడగాలి.