గూడబాతులు, అవి ఎంచుకొన్న ఊళ్లు

శరదృతువున చెరువులు నిండిన పిమ్మట కోస్తా ఆంధ్రములోని కొన్ని ఊళ్లకు పెద్ద పక్షులు గుంపులుగా వచ్చును. రెక్కలు చాచినచో ఆ కొన నుండి ఈ కొనకు రెండు మీటర్లకు పైగా ఉండును. ముక్కు క్రింది తోలుసంచితో చేపలను నీటితో సహా ముంచి, నీటిని కార్చివేసి, చేపలను మ్రింగును. పొలమునకు నీరెత్తు గూడను తలపించు సంచి గల ఈ పక్షిని మనవారు గూడబాతు అనిరి. ఆంగ్లమున దీని పేరు పెలికాన్.

ఇవి సైబీరియా నుండి వచ్చునని పలువురు నమ్ముదురు. అది నిజము కాదు. మన ఊళ్లలో గూళ్లు కట్టు మచ్చల ముక్కు గూడబాతు దక్షిణ, ఆగ్నేయ ఆసియాలకు చెందినది. నీరు, చేపలు ఎక్కడ లభించునో అక్కడికి పోవుచుండును. చలికి తాళలేక గాక, పిల్లలను పెంచుటకే మన ఊళ్లకు వచ్చును. నీట నిలిచిన చెట్లపై గూళ్లున్నచో నక్క, పిల్లి మొదలగునవి చేరుట కష్టము. ఆడపక్షి సాధారణముగా మూడు, నాలుగు గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు 30 రోజులకు పైగా పట్టును. పిల్లలు స్వతంత్రముగా ఎగురుటకు మరికొన్ని నెలలు కావలెను. అంతవరకు చెరువు ఎండరాదు, చెట్టు కూలరాదు. అందుచేత గూడబాతుల చరిత్ర చాలవరకు చెరువుల చరిత్రయే, ఊరివారి ఓర్పు చరిత్రయే.

ఆ ఓర్పు నేటిది కాదు. 19వ శతాబ్దమున నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన టి. సి. జెర్డన్, ఆనాడు కర్నాటిక్ అనబడిన తూర్పు మైదానములోని ఒక గ్రామము నడుమ, పొట్టి చెట్లపై గూడబాతుల గూళ్లను చూచెను. అవి తరతరములుగా అక్కడనే కట్టుచున్నవని ఊరివారు ఆయనకు చెప్పిరి. మనుష్యుల సందడిని ఆ పక్షులు లెక్కచేయలేదు.

1902లో క్యాంబెల్ అను నాతడు రాయలసీమలోని ఒక పల్లెలో ఇట్టి స్థావరమునే కనుగొనెను. పెయింటెడ్ స్టార్కు అనబడు ఎర్రకాళ్ల కొంగలును అచ్చట గూళ్లు కట్టుచుండెను. కాని తరువాత శాస్త్రజ్ఞులెవరికిని ఆ స్థావరము మరల కనబడలేదు. 1946లో కె. కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతమున మరియొక స్థావరమును కనుగొనెను. ఈయన ఆంగ్ల అధ్యాపకుడు. తరువాతి కాలమున ఇందుచూడన్ అను పేరుతో మలయాళమున పక్షులను గూర్చి వ్రాసి ప్రసిద్ధి కెక్కెను. ఆనాడు అచ్చట సుమారు 3000 గూడబాతులు గూళ్లు కట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ స్థావరమును అంతరించెను.

మరుసటి సంవత్సరమే, అనగా 1976లో, పులికాట్ సరస్సు సమీపములోని నేలపట్టు పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడెను. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున ఊరి చెట్లపైననే గూళ్లు కలవు. పక్షుల రాక శుభసూచకమని గ్రామస్థులు వాటిని కాపాడుచున్నారు. గుంటూరు పట్టణమునకు చేరువనున్న ఉప్పలపాడు చెరువులలోని చెట్లు ఇట్టివే. కొల్లేరు 1999లో అభయారణ్యము, 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేల ఆయెను. అచ్చటి ఆటపాకలో చెట్లకు బదులు నిలిపిన ఇనుప చట్రములపైన కూడ గూడబాతులు గూళ్లు కట్టుచున్నవి. ప్రపంచమంతటను ఈ జాతి స్థితి కొంత మెరుగుపడుటచే, 2007లో దీనిని అపాయస్థితి జాబితాలో ఒక మెట్టు తగ్గించిరి.

ఈ చరిత్ర నేర్పు పాఠ మొకటి కలదు. స్థావరమును ఒకసారి చూచి వ్రాసినంత మాత్రమున చాలదు. ఏటేట లెక్క లేనిచో, పక్షులు ఏ సంవత్సరమున తగ్గెనో, ఎందుచేత తగ్గెనో తెలియుటకు ఆధార ముండదు. ఈ లోపమును తీర్చుటకే 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుచున్నది. అందు సామాన్యులును పాల్గొనుచున్నారు. ఊరి చెరువు వద్ద తేది, చెట్ల సంఖ్య, గూళ్ల సంఖ్య, నీటిమట్టము ప్రతి సంవత్సరము ఒకే నోటుపుస్తకమున వ్రాయు పని పాఠశాలకు భారము కాదు. పది సంవత్సరములు గడచిన పిదప ఆ పుస్తకమే ఆ చెరువుకు చరిత్ర యగును.