వైరస్ వచ్చిన దారి: కరీంనగర్, ఆదిలాబాద్ కంప్యూటర్ల కథ

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దేశదేశాల కంప్యూటర్లను చుట్టుముట్టినప్పుడు తెలుగు నేల మీద ఆ దెబ్బ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు గట్టిగా తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం పడింది. తెర మీద డబ్బు కట్టమనే బెదిరింపు ప్రత్యక్షమైంది. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లు కొన్నింటిదీ అదే గతి. విండోస్ ఉన్నవే దెబ్బతిన్నాయని, ఆపిల్‌వి భద్రంగా ఉన్నాయని అప్పటి డీజీపీ చెప్పారు. ఆ దాడి వరకు ఆ మాట నిజమే. కానీ దాన్నే ఒక సిద్ధాంతంగా పట్టుకుని, విండోస్ అంటే రోగం, ఆపిల్ లేదా లినక్స్ అంటే ఆరోగ్యం అని తీర్మానించేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వన్నాక్రై లెక్కలే ఆ తీర్మానానికి అడ్డం వస్తాయి. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14ననే, అంటే దాదాపు రెండు నెలల ముందే, మరమ్మతు విడుదల చేసింది. ముసలిదైన విండోస్ ఎక్స్‌పీ వల్లే ఇంత నష్టం జరిగిందని అందరూ అనుకున్నారు. కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తీస్తే దెబ్బతిన్నవాటిలో 98 శాతానికి పైగా విండోస్ 7 అని తేలింది. ఆ మరమ్మతు విండోస్ 7కు అందుబాటులో ఉన్నదే. వేసుకున్నవారు బయటపడ్డారు, వేసుకోనివారు చిక్కుకున్నారు. సిస్టమ్ పేరు కన్నా దాన్ని చూసుకునే మనిషి ఉన్నాడా లేడా అన్నదే భద్రతను తేల్చిందని నా వాదన. కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల అనుభవం దానికి మంచి సాక్ష్యం.

ఈ రెండు జిల్లాల్లో కంప్యూటర్ ఇళ్లలోకి రాకముందు కొట్లలోకి వచ్చింది. ముందు డీటీపీ సెంటర్లు, కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు, ఆ తరువాత జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు. జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారి వీసా కాపీలు, టికెట్లు. మంచిర్యాల, గోదావరిఖని పిల్లల ఎంసెట్ హాల్‌టికెట్లు, సింగరేణి ఉద్యోగాల దరఖాస్తులు. ఊరూరి పెళ్లిపత్రికలు, కరపత్రాలు అన్నీ ఆ కొట్ల మీదుగానే సాగేవి. ఒక్క కంప్యూటర్‌ను రోజుకు ఎందరో వాడేవారు. ఫ్లాపీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చాక ఊళ్లోని పెన్‌డ్రైవులన్నీ ఏదో ఒక నాడు అదే పెట్టెకు తగులుకునేవి. విండోస్ ఎక్స్‌పీలో ఆటోరన్ అనే సదుపాయం ఉండేది: డ్రైవ్‌లో ఉన్న చిన్న ఫైలు చెప్పిన ప్రోగ్రామ్‌ను సిస్టమ్ తనంతట తానే, లేదా డ్రైవ్ బొమ్మ మీద డబుల్ క్లిక్ కొట్టగానే, నడిపేసేది. వైరస్‌లు రాసేవారికి ఇంతకన్నా ఏం కావాలి? ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్లు మిగలడం, సిస్టమ్ నత్తనడక నడవడం, చివరికి "ఫార్మాట్ కొట్టించు" అనే ఒకే ఒక మందు. ఫార్మాట్ కొట్టిన సాయంత్రమే మరో గిరాకీ పెన్‌డ్రైవ్ పెట్టేవాడు, కథ మళ్లీ మొదలు.

పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ దానంతట అది నడవకుండా ఆపే మార్పును మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీకి అప్‌డేట్‌గా పంపింది. అది మన కొట్లలో చాలావాటికి చేరలేదు. ఎందుకు చేరలేదన్నదే ఈ చరిత్రలో అసలు ముడి. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్ఏ అంచనా ప్రకారం 2011లో భారత్‌లో కంప్యూటర్ల మీద ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 63 శాతం లైసెన్స్ లేనిదే. అంచనా కట్టింది అమ్ముకునేవారే కాబట్టి కొంత పెంచి చెప్పారనుకున్నా, చిన్న ఊళ్ల వాస్తవానికి అది దూరం కాదు. కాపీ సీడీతో ఎక్కించిన విండోస్ అప్‌డేట్ తెచ్చుకుంటే ఇది అసలు కాపీ కాదని తెర మీద రాత వస్తుంది. ఆ భయంతో ఎక్కించేవాడే అప్‌డేట్లు ఆపేసి ఇచ్చేవాడు. రోగం బయటపడుతుందేమోనని వైద్యుణ్ణి గడప తొక్కనివ్వనట్టు. ఇలా మరమ్మతు రాని కంప్యూటర్ల మీద కాన్‌ఫికర్ వంటి పురుగులు ఏళ్ల తరబడి బతికాయి. కాన్‌ఫికర్ 2008 నవంబరులో బయటపడింది. దాని కంతకు మరమ్మతు అక్టోబరు 23నే వచ్చి ఉంది. తొమ్మిదేళ్ల తరువాత వన్నాక్రైలో జరిగిందీ అక్షరాలా ఇదే.

అంత బాధ పడేకన్నా లినక్స్ పెట్టుకుంటే సరిపోయేది కదా, అది ఉచితం, వైరస్‌లు కూడా తక్కువ అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఇందులో సగం ఒప్పుకోవాలి. యూనిక్స్ కుటుంబానికి చెందిన సిస్టమ్‌లు 1970ల నుంచే మామూలు వాడకందారుకు ఒక హక్కు, నిర్వాహకుడికి మరో హక్కు అని గీత గీశాయి. ఇళ్లలో, కొట్లలో నడిచిన ఎక్స్‌పీలో కూర్చున్న ప్రతివాడూ సర్వాధికారే. ఆ అలవాటును మార్చే ప్రయత్నం 2007లో విండోస్ విస్తాతో గాని మొదలవలేదు. ఈ తేడా నిజమైనది, ప్రాణాలు నిలిపేది. కాని మన కొట్లను విండోస్‌కు కట్టిపడేసింది తెలుగు అచ్చు పనే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, దాని మీద యూనికోడ్ కాని అను వంటి తెలుగు ఫాంట్లు: పెళ్లిపత్రిక నుంచి ఎన్నికల కరపత్రం దాకా అన్నీ వాటితోనే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. ఏళ్ల తరబడి కూడబెట్టిన ఫైళ్లు మరో సిస్టమ్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తులుగా కనిపించేవి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చి గొప్ప పని చేసింది. అయినా గిరాకీ తెచ్చిన పాత ఫైలు తెరవలేని సిస్టమ్‌ను కొట్టువాడు ఎలా పెట్టుకుంటాడు? అతణ్ణి తప్పుపట్టడం అన్యాయం.

లినక్స్ నిలదొక్కుకున్న చోటు కూడా ఇదే నేల మీద ఉంది. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద సుప్రీంకోర్టు ఈ-కమిటీ దేశంలోని జిల్లా కోర్టులకు ఉబుంటు లినక్స్‌ను ఎంచుకుంది. ఈ రెండు జిల్లాల కోర్టులూ ఆ ఏర్పాటులోవే. కేసుల వివరాలు నమోదయ్యే సాఫ్ట్‌వేర్ కూడా ఉచిత, బహిరంగ పద్ధతిలో తయారైనదే. దీన్ని లినక్స్ గెలుపుగా చెప్పుకోవచ్చు గాని, నాకు అందులో అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఒక కమిటీ. సిస్టమ్‌ను ఎంచి, కోర్టు పనికి తగ్గట్టు మలిచి, న్యాయమూర్తులకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, బాధ్యత తన మీద ఉంచుకున్నది ఆ కమిటీ. ఆ ఆలనాపాలనా లేకపోతే ఏ సిస్టమైనా పడిపోతుంది. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ పాకింది యూనిక్స్ యంత్రాల మీదే. 2016లో మిరాయ్ అనే పురుగు పట్టుకున్న కెమెరాలు, రౌటర్లు నడిచింది లినక్స్ మీదే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు, అంతే. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ సుమారు 6 లక్షల ఆపిల్ కంప్యూటర్లలోకి దూరింది. జావాలోని ఆ కంతకు ఒరాకిల్ ఫిబ్రవరిలోనే మరమ్మతు ఇచ్చినా ఆపిల్ తన వాడకందార్లకు దాన్ని ఏప్రిల్‌లో గాని అందించలేదు.

పేద జిల్లాలకు ఇదంతా డబ్బున్నవారి ముచ్చట అనే ఆక్షేపణ కూడా ఉంది. కాని మరమ్మతులకు ఖరీదు లేదు. వన్నాక్రై మర్నాడు, గడువు తీరి మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఉచితంగానే మరమ్మతు ఇచ్చింది. ఖర్చయ్యేది మనిషి జీతానికి. 2008లో ఉమ్మడి రాష్ట్రం అయిదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య మొదలుపెట్టింది, ప్రైవేటు సంస్థలతో అయిదేళ్ల ఒప్పందం మీద. ఒప్పందం తీరాక సంస్థలు వెళ్లిపోయాయి, వాటితో పాటు బోధకులూ వెళ్లిపోయారు. యంత్రాలు బడులకు మిగిలాయి. పెట్టె కొనడానికి బడ్జెట్‌లో ఎప్పుడూ పద్దు ఉంటుంది, దాన్ని కాపాడేవాడికి ఉండదు.

ఇక 2019. ఏప్రిల్ చివర, మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ పడింది. అందులో ఉత్తర పంపిణీ సంస్థ ఒకటి. 2000లో వరంగల్ కేంద్రంగా ఏర్పడి కరీంనగర్, ఆదిలాబాద్‌లకు కరెంటు ఇస్తున్నది అదే. తీగల్లో కరెంటు ఆగలేదు గాని ఆన్‌లైన్‌లో బిల్లు కట్టడం కుదరలేదు. బెల్లంపల్లిలోనో పెద్దపల్లిలోనో ఉన్న వినియోగదారుడి ఇంట్లో ఏ సిస్టమ్ ఉన్నా, అసలే సిస్టమ్ లేకపోయినా, ఇబ్బంది ఒక్కటే. వైరస్ దారి మారిపోయింది: ఊరి జిరాక్స్ షాపును వదిలి, ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి నేరుగా ఊళ్ల మీదికి వచ్చింది. అక్కడ మనల్ని కాపాడేవి వేరుగా దాచిన బ్యాకప్, సమయానికి వేసిన మరమ్మతు. ఆ రెండూ ఎవరో ఒకరు రోజూ చేయవలసిన పనులు.

ఇప్పుడు ఆ దారి ఫోనులోకి చేరింది. ఆండ్రాయిడ్ గుండె లినక్సే. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను అది మొదట అడ్డుకుంటుంది కూడా. అయినా పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో, పెళ్లి పిలుపు పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఓటీపీలు అవతలివాడి చేతికి పోతాయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో దీని గురించి పదేపదే హెచ్చరిస్తోంది. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీసేవ కేంద్రాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో, బడుల్లో, ప్రెస్సుల్లో అది ఇంకా నడుస్తున్నచోట కొత్త విండోస్‌కు మారుస్తారా, లినక్స్ వేస్తారా అన్నది వారి పని బట్టి తేల్చుకోవచ్చు. అంతకన్నా ముందు తేలవలసింది, ఆ యంత్రానికి అప్‌డేట్లు వేసి బ్యాకప్ తీసే మనిషి ఎవరన్నది. జిల్లా అధికారులు ఆ మనిషి పేరును, జీతాన్ని కొనుగోలు ఒప్పందంలోనే రాయాలి.