లెక్కలోకి రాని దెబ్బలు



మొన్న తడలో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద నలుగురం చేరాం. ఒకావిడ చేతికి కట్టుతో వచ్చింది. బాత్‌రూములో జారానంది. అందరం కాఫీ తాగాం. జారిందో, ఎవరైనా తోశారో ఎవరమూ అడగలేదు. మనం అడగని ఈ సంగతిని చదువుకున్న పెద్దలు ఎప్పటినుంచి అడుగుతున్నారు? ఆ చరిత్రే ఇవాళ కొంచెం చెబుతాను.

1974లో మనదేశ స్త్రీల స్థితిగతుల మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. చదువు, ఉద్యోగం, ఆస్తి, కట్నం అన్నీ చర్చించారు. ఇంట్లో తగిలే దెబ్బల గురించి చెప్పింది మాత్రం బహు తక్కువ. అది ఇంటి గుట్టు, పరిశోధనకు వస్తువు కాదు అనుకునే రోజులు మరి.

కదలిక వీధిలో మొదలైంది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద యువతిపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. ఊరు అట్టుడికిపోయింది. మధుర కేసులో ఇద్దరు పోలీసులను సుప్రీంకోర్టు వదిలేస్తే, 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. 1983లో అత్యాచార చట్టం మారింది. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా చేసిన 498-ఎ సెక్షను కూడా ఆ ఏడే వచ్చింది. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పుట్టిందీ 1983లోనే. 1985లో హైదరాబాదులో స్త్రీల అధ్యయనం కోసం 'అన్వేషి' మొదలైంది.

ఇక మన దగ్గరి కథ. తడ అప్పట్లో నెల్లూరు జిల్లా. 2022లో గదా తిరుపతి జిల్లాలో కలిసింది. అక్షరాస్యతా ఉద్యమంలో పంచిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అన్వేషి వాళ్ళు ఆ ఉద్యమాన్ని పరిశీలించి 1993లో వ్యాసం ప్రచురించారు. తాగొచ్చి కొట్టే మొగుళ్ళ మీద కోపమే ఇదంతా అని చాలామంది రాసేశారు. కానీ ఆ ఆడవాళ్ళు నిలదీసింది మొగుళ్ళను మాత్రమేనా? ఊరికి మంచినీళ్ళు రాకపోయినా సారా ఎట్లా వస్తోందని సర్కారునే అడిగారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించినప్పుడు, పక్క రాష్ట్రాల నుంచి సరుకు వస్తోందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. తడ దాటితే తమిళనాడే గదా!

ఇంతకూ దెబ్బలను లెక్కపెట్టడం ఎట్లా? 1998–99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొత్తం మీద కొట్టారా అని అడిగితే, భర్త కొట్టాడన్నవారు దేశంలో నూటికి సుమారు 19 మంది. 2005–06లో చెంపదెబ్బ కొట్టాడా, జుట్టు పట్టి లాగాడా, తన్నాడా అని విడివిడిగా అడిగారు. జవాబు 35కి పెరిగింది. ఏడేళ్ళలో మగవాళ్ళంతా మారిపోయారని కాదు నా ఉద్దేశం. చెంపదెబ్బను "కొట్టడం" అనుకోని ఆడవాళ్ళు మనలో ఎంతమంది!

అన్నిటికన్నా నన్ను నిలవేసిన లెక్క ఇంకొకటుంది. కూర సరిగా వండకపోతే, చెప్పకుండా బయటికెళితే, అత్తమామలను గౌరవించకపోతే... ఇలా ఏడు కారణాలు చెప్పి, ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం న్యాయమేనా అని అడిగారు. 2019–21లో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ నూటికి దాదాపు 84 మంది స్త్రీలు అవునన్నారు. హిమాచల్ ప్రదేశ్‌లో 15 మంది. వాళ్ళు దెబ్బను మెచ్చుకున్నారా, లోకం తీరు ఇంతేనని చెప్పారా? అంకె ఆ తేడా చెప్పదు. పక్కన కూర్చుని వినేవాళ్ళు కావాలి. ఆ రకం పరిశోధన మనకింకా తక్కువే.

ఈ సర్వేలో ఒక నియమం నాకు బాగా నచ్చింది. ఇంటికి ఒక్క స్త్రీనే ఈ ప్రశ్నలడుగుతారు, అదీ ఒంటరిగా. మధ్యలో ఎవరైనా వస్తే ఆపేయాలి. జవాబు బయటికి పొక్కితే మళ్ళీ తగిలేది ఆమెకే గదా.

మరునాడు చిన్నమ్మ ఆ కట్టు కట్టుకున్నావిణ్ణి కరివేపాకు కోసుకుందువు రమ్మని పెరట్లోకి పిలిచింది. గంటసేపు ఇద్దరూ లోపలికి రాలేదు. నేను అటు వెళ్ళలేదు.