పట్టికయందు లేని పేరు

పొరుగు రాష్ట్రములలో తరతరములుగ నివసించు తెలుగువారి సంచికయందు చీనా వంశజుడగు ఒక సైనికుని ప్రసంగమెందులకని చదువరులు శంకింపవచ్చును. పుట్టిన గడ్డపైననే పరాయివాడుగ నెంచబడుట యెట్టిదో తెలియుటకు ఇంతకు మించిన యుదాహరణము మాకు కానరాలేదు.

కెనడా దేశమున పసిఫిక్ తీరమునగల బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమందు కామ్లూప్స్ అను పట్టణము కలదు. 1881 మొదలు 1885 వరకు ఆ రాష్ట్రపు కొండలను తొలిచి రైలుమార్గము వేయుటకు సుమారు 15,000 మంది చీనా కూలీలు పాటుపడిరి. వారిలో వందలకొలది జనులు ప్రేలుళ్లచేతను, రోగములచేతను మరణించిరి. మార్గము పూర్తియైన 1885లోనే, అటుపై దేశమునకు వచ్చు చీనావారిపై తలకు 50 డాలర్ల పన్ను విధింపబడెను. 1903లో నది 500 డాలర్లయ్యెను. ఆ రాష్ట్రమున చీనావారి వోటుహక్కు అంతకు పూర్వమే తీసివేయబడినది. 1907లో అచ్చటి భారతీయులకును అదే గతి పట్టెను.

ఫ్రెడెరిక్ లీ కామ్లూప్సులోనే జన్మించినవాడు. చీనావారిని సైన్యమున చేర్చుకొనుట అధికారులలో పలువురికి సమ్మతము కాదు. అయినను మొదటి ప్రపంచయుద్ధమున సుమారు 300 మంది చేరిరి. వారిలో లీ యొకడు. 1916లో చేరి, 47వ బెటాలియనుతో ఫ్రాన్సునందు పోరాడెను. 1917 ఆగస్టు 15న కెనడా సేనలు లాన్స్ పట్టణమునకు చేరువనున్న హిల్ 70 అను మిట్టపై దాడి వెడలెను. పోరు 25వ తేదీవరకు సాగెను. ఆ నడుమ 21వ తేదీన లీ నిహతుడయ్యెను. అతనికి సమాధి లేదు. 1936లో ఆవిష్కృతమైన విమీ స్మారకముపై, సమాధి యెరుగబడని వేలకొలది వీరుల పేర్లలో అతని పేరును చెక్కబడినది.

అంతటితో నన్యాయము తీరలేదు. 1923లో కెనడా చీనావారి రాకను దాదాపు పూర్తిగ నిషేధించెను. ఆ శాసనము అమలునకు వచ్చినది జూలై 1న, ఆ దేశపు పండుగనాడు. రెండవ ప్రపంచయుద్ధమునను చీనా యువకులు వందలకొలదిగ సేవచేసిన పిమ్మట, 1947లో అది రద్దయ్యెను. ఆ యేటనే బ్రిటిష్ కొలంబియాలో వారికిని, భారతీయులకును వోటుహక్కు దక్కెను.

మేము కచేరీలో పట్టికలు వ్రాయుచు కాలము గడపినవారము. పట్టికలో పేరు లేకుండుట చిన్న సంగతి కాదని యెరుగుదుము. వోటర్ల పట్టికలో చోటులేని పేరు మృతవీరుల పట్టికలో నిలిచెను. నేడు హిల్ 70 స్మారకమందలి యొక నడకదారికి లీ పేరు పెట్టిరి. అందులకు నూరేండ్లు పట్టెను.

మన పెద్దలును పరప్రాంతములలో మగ్గములు నేసిరి, దారులు వేసిరి, కొందరు సైన్యములందును చేరిరి. వారి పేర్లెన్ని మనకు జ్ఞాపకమున్నవి? ఇతరులు వ్రాయలేదని వగచుటకంటె, ప్రతి కుటుంబమువారును తమ పెద్దల పేరును, ఊరును, పనిని ఒక్క కాగితముపై వ్రాసి సంఘమునకిచ్చుట మేలు. ఆ పనికి నూరేండ్లు అక్కరలేదు.