తనగ్రా మట్టిబొమ్మలు

1870వ సంవత్సరం చివర గ్రీసు దేశంలో, ఏథెన్సు నగరానికి ఉత్తరాన ఉన్న బియోషియా సీమలో, వ్రాట్సి అనే పల్లె రైతులు పొలాలు దున్నుతుండగా పాత సమాధులు బయటపడ్డాయి. ఆ పొలాల దాపునే పూర్వం తనగ్రా అనే చిన్న పట్టణం ఉండేది. దాని బాటల వెంట సమాధులు బారులు తీరి ఉన్నాయి. వాటిలో మట్టిబొమ్మలు దొరికాయి. వాటికి పట్నంలో మంచి ధర పలుకుతుందని తెలిసిన తరువాత దున్నడం వెనుకబడి త్రవ్వడం ముందుకు వచ్చింది. కొద్ది ఏండ్లలో వేల సమాధులు ఖాళీ అయినాయి. గ్రీకు పురాతత్త్వ సంఘం తరఫున స్టమటాకిస్ అనే పండితుడు వచ్చి పద్ధతిగా త్రవ్వకం సాగించేనాటికి మేలైన బొమ్మలలో చాలా భాగం వర్తకుల చేతులు దాటి పరదేశాలకు వెళ్ళిపోయింది.

ఈ బొమ్మలలో ఎక్కువ భాగం క్రీ.పూ. 330–200 మధ్య చేసినవి. ఎత్తు జానెడు, కొన్ని అంతకంటె చిన్నవి. వీటిలో దేవతలు లేకపోలేదు గాని, హెచ్చు పాలు మామూలు మనుష్యులే. పైబట్ట నిండుగా చుట్టుకొని నిలబడిన స్త్రీ, చేతిలో విసనకఱ్ఱ, తలపై ఎండకు పెట్టుకున్న కోసు టోపీ. బంతితో ఆడుకునే పిల్ల. రాతిపై కూర్చుని ఏదో ఆలోచిస్తున్న కుఱ్ఱవాడు. పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్న ‘నీలాంబర’ బొమ్మ వీటిలో మిక్కిలి ప్రసిద్ధి పొందింది. మన బొమ్మల కొలువులో రాముడికీ కృష్ణుడికీ ప్రక్కనే శెట్టిగారూ శెట్టెమ్మా కూర్చున్నట్లు, ఇక్కడ కూడా వీధిలో నడిచే మనిషికి చోటు దొరికింది.

తనగ్రా మహానగరం కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన హెరక్లైడిస్ అనే యాత్రికుడు ఆ ఊరు ఎత్తైన గరుకు నేలపై ఉన్నదనీ, చూడటానికి తెల్లగా, బంకమట్టి వన్నెతో ఉంటుందనీ వ్రాశాడు. జనం వ్యవసాయదారులు, అతిథులను ఆదరించేవారు, అక్కడి ద్రాక్షసారా ఆ సీమలో మేలైనది అని కూడా చెప్పాడు.

ఆ సీమలో నిత్యజీవితాన్ని మట్టిలో చూపడం అప్పటికే పాత అలవాటు. క్రీ.పూ. 500 ప్రాంతంలోనే బియోషియా కుమ్మరులు చేతితో చిన్న చిన్న సన్నివేశాలు చేశారు. తొట్టి ముందు వరుసగా నిలబడి రొట్టెల పిండి పిసికే స్త్రీలు, వారి పని లయ తప్పకుండా సన్నాయి వంటి వాద్యం ఊదే మనిషి – ఇది లూవ్ర్‌లో ఉన్నది. వంట చేస్తున్న ఆమె, ప్రక్కన నిలబడి చూస్తున్న చిన్నపిల్ల – ఇది అమెరికాలో బోస్టన్ నగరంలో ఉన్నది. తరువాతి బొమ్మల నాజూకుతనం వీటికి లేదు. అయినా ఆనాటి వంటింటిని పాలరాతి విగ్రహాలలో వెదికితే దొరకదు; ఈ మోటు బొమ్మలలోనే దొరుకుతుంది.

ఇవి చేసేవానిని గ్రీకులు ‘కోరోప్లాథోస్’ అనేవారు. ఆడపిల్లల బొమ్మలు చేసేవాడని అర్థం. ఆ పేరులో గౌరవం తక్కువ. ఏథెన్సు దేవాలయానికి మహావిగ్రహం చేసిన ఫిడియాస్‌ను ఆ పేరుతో పిలవడం ఎంత అవమానమో అంత అన్యాయం తనకు జరిగిందని ఇసోక్రటీస్ అనే వక్త ఒకచోట వాపోయాడు. ఆయన చిన్నచూపు చూసిన ఆ పనివారి నేర్పు ఎంతటిదో బొమ్మ వెనుక భాగం చూస్తే తెలుస్తుంది.

ముందు ఒక మాతృక బొమ్మ చేసి, దానిపై మెత్తని మట్టి అదిమి అచ్చు తీసి, ఆ అచ్చును ఆవములో కాల్చేవారు. అచ్చులోపల పలుచగా మట్టి అదిమితే కొంచెం ఆరగానే ముడుచుకొని సులభంగా ఊడివస్తుంది. వెనుక భాగం తరచు నున్నని పలక మాత్రమే. దానిలో ఒక కిటికీ వంటి రంధ్రం కోసేవారు. ఇది అలంకారం కోసం కాదు. బోలుగా ఉన్న బొమ్మలో మిగిలిన తడి ఆవములో ఆవిరియై బయటికి పోవడానికి దారి లేకపోతే బొమ్మ పగిలిపోతుంది. తలలు, చేతులు వేరుగా తీసి పలుచని మట్టినీళ్ళతో అతికేవారు. ఒకే మొండెంపై తలను కొంచెం వాల్చి పెడితే ఒక బొమ్మ, ఎత్తి పెడితే మరొక బొమ్మ. అందువల్ల ఒక్క అచ్చు నుంచి వచ్చినవి కూడా కవలలవలె కనిపించవు.

మన దేశంలోనూ అచ్చు బొమ్మలు ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో దొరికిన శాతవాహనుల నాటి సుద్దమట్టి బొమ్మలు ముందొక అచ్చు, వెనుకొక అచ్చు పెట్టి బోలుగా చేసినవే.

మట్టి ఆరినపుడూ కాలినపుడూ ఇంచుమించు పదింట ఒక వంతు కుంచించుకుపోతుంది. మాతృక 20 సెంటీమీటర్లుంటే దాని బిడ్డ 18. పాత అచ్చు అరిగిపోయిందనో, పొరుగూరి బొమ్మ బాగుందనో ఆ బిడ్డపైనే మరల అచ్చు తీస్తే వచ్చేది 16 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. దాని తరువాతది 15కు లోపు. ముఖంలో గీతలు కూడా తరతరానికీ మొద్దుబారతాయి. ఈ కొలతలను పట్టి పండితులు బొమ్మల వంశవృక్షాలు గీయగలుగుతున్నారు. ఏ బొమ్మకు ఏది తల్లియో, ఏథెన్సులో పుట్టిన నమూనా తనగ్రాకు ఎలా చేరిందో వీటివల్ల కొంత తెలిసింది. నిజానికి ఈ ‘తనగ్రా రీతి’ పుట్టినది ఏథెన్సులోనే. పేరు మాత్రం సమాధులు బయటపడిన ఊరికి దక్కింది.

కాల్చడానికి ముందు బొమ్మకు తెల్లని పూత పూసేవారు. రంగులు కాల్చిన తరువాత వేసినవి, కనుక మట్టిని గట్టిగా పట్టుకోలేదు, చాలావరకు రాలిపోయాయి. మంజిష్ఠ జాతి మొక్క వేళ్ళ నుంచి గులాబి రంగు, కావిరాయి నుంచి ఎరుపు, రాగిని ఇసుకతోనూ సున్నంతోనూ కలిపి కాల్చిన ‘ఈజిప్టు నీలం’ వాడారు. ఈ నీలానికి ఒక విశేషం ఉన్నది. దానిపై మామూలు వెలుతురు పడితే కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. తగిన కెమెరాతో చూస్తే, కంటికి వట్టి మట్టిగా కనిపించేచోట కూడా మిగిలిన నీలపు రేణువులు మెరుస్తాయి.

1878 పారిస్ మహాప్రదర్శనలో ఈ బొమ్మలు జనాన్ని ముగ్ధులను చేశాయి. కోరినవారికి చాలినన్ని లేకపోవడంతో దొంగ బొమ్మలు పుట్టుకొచ్చాయి. కొందరు పాత ముక్కలను జోడించారు, కొందరు కొత్తవే చేశారు. పెద్ద ప్రదర్శనశాలలు కూడా మోసపోయాయి. చూపు పదునుగల పండితులు అనుమానించినా నిరూపించడం కష్టమైంది.

20వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఇతర చోట్లా పెంపొందిన ఉష్ణదీప్తి పరీక్ష ఈ చిక్కు చాలావరకు తీర్చింది. మట్టిలోని స్ఫటికాలు చుట్టూ ఉన్న స్వల్ప రేడియోధార్మికత వల్ల శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటాయి. ఆవములో కాలినపుడు ఆ నిల్వ ఖాళీ అయి లెక్క మొదటికి వస్తుంది. బొమ్మ అడుగు నుంచి చిటికెడు పొడి తీసి వేడి చేస్తే, అప్పటినుంచి దాచిన శక్తి వెలుగుగా బయటపడుతుంది. వెలుగు ఎంత ఎక్కువైతే కాల్చి అంత కాలమైనట్లు. సరియైన సంవత్సరం ఇది చెప్పలేదు. అయితే వందేండ్ల బొమ్మకూ రెండువేల మూడువందల ఏండ్ల బొమ్మకూ తేడా తెలియడానికి ఇది చాలు. జోడించిన బొమ్మలలో మాత్రం ఒక్కచోట పొడి తీస్తే చాలదు.

బొమ్మ నిజమైనదని తేలినా, అది ఎవరి సమాధిలో, ఏ పక్కన, ఏ వస్తువులతో ఉన్నదో చెప్పే యంత్రం లేదు. క్రీ.పూ. 348లో నాశనమైన ఒలింథస్ నగరంలో మట్టిబొమ్మలు ఇళ్ళలో దొరికాయి. గదులవారీగా లెక్క వ్రాసినందువల్ల అవి బ్రతికున్నవారికీ పనికి వచ్చినవని తెలిసింది. తనగ్రాలో విసనకఱ్ఱ పట్టిన స్త్రీని పెండ్లికాక చనిపోయిన పిల్ల ప్రక్కన పెట్టారో, ముసలితల్లి ప్రక్కన పెట్టారో, ఆమె ఆ పిల్ల ఆటబొమ్మయో, దేవత పరిచారికయో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సమాధి తెరిచిన రోజున ఒక కాగితంపై నాలుగు గీతలు గీసి ఉంటే ఆ వాదనలో సగం అవసరమయ్యేది కాదు.